చప్పట్లు ఆగేదాకా

ఆస్ట్రేలియా దక్షిణ కొసన ఉన్న హోబార్ట్‌లో జూన్ అంటే నడి చలికాలం, సాయంత్రం నాలుగున్నరకే వెలుగు పోతుంది. ఆ శనివారం నేనూ నాన్నా రేవు పక్కన రాతి గోదాముల ముందు ఇంకో పదిమందితో కలిసి నిలబడ్డాం. జోకులు వేస్తూ, మ్యాజిక్ చేస్తూ గంటన్నర సేపు వీధులన్నీ తిప్పే నడక అది. నా నలభై ఒకటో పుట్టినరోజుకి నాన్న ఇచ్చిన కానుక.

నాన్న పేరు ఆల్విన్ పాస్కో. ఒకప్పుడు టాస్మేనియా అంతా తిరిగి క్లబ్బుల్లో మ్యాజిక్ చేసేవాడు. అమ్మ కోరలీ తళుకుల గౌను వేసుకుని ఆయన పక్కన నిలబడేది. నాకు ఆరేళ్లప్పుడు మమ్మల్ని వదిలేసి మెల్‌బోర్న్ వెళ్లిపోయిందని చెప్పాడు. ఎందుకు వెళ్లిందని అడిగితే చేతిలో ఉన్నది విసిరికొట్టేవాడు. ముప్పై ఐదేళ్లు అమ్మని తిట్టుకుంటూనే బతికాను.

మమ్మల్ని తిప్పేవాడు రాఫర్టీ, ఎర్రగడ్డం మనిషి. మొదటి మలుపులోనే పేకముక్క మాయం చేశాడు.

"ఎడమ చంకలో ఉంది!" నాన్న గట్టిగా అరిచాడు.

అందరూ నవ్వారు. రాఫర్టీ నవ్వలేదు. "పెద్దాయనా, మీదీ ఇదే వ్యాపారమా? మీ రోజుల్లో టోపీలోంచి కుందేలు తీసేవారా, డైనోసార్‌నా?"

రెండో చోట తాడు, మూడో చోట గుడ్డు. ప్రతిసారీ నాన్న గుట్టు విప్పేశాడు. ఒక చిన్నపిల్ల ఏడుపు మొహం పెట్టింది.

"నోరు మూసుకో నాన్నా. ఇది నా పుట్టినరోజు."

"వాడికి చెయ్యి తిరగట్లేదమ్మా. చూస్తుంటే ఒళ్లు మండుతోంది."

"నాకూ మండుతోంది. నిన్ను చూసి."

చివరికి ఒక గోదాములోకి తీసుకెళ్లాడు. లోపల తడి రాయి వాసన, పాత తారు వాసన. గోడకి వేలాడే నల్లతెర ముందు నిలువెత్తు చెక్కపెట్టె. ఎర్ర రంగు పెచ్చులూడిపోయింది. తలుపు మీద వెండి రంగు చంద్రవంక.

నాన్న చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. బిగుసుకుంది.

"పడమటి కొండల్లో క్వీన్స్‌టౌన్‌లో ఒక క్లబ్బు మూసేస్తుంటే కొన్నాను," అన్నాడు రాఫర్టీ. "ఎవరొస్తారు లోపలికి? మన డైనోసార్ గారి అమ్మాయి?"

"వద్దు నెరీడా," అన్నాడు నాన్న. "దాంట్లోకి వెళ్లకు."

"ఎందుకు?"

చంద్రవంక మీంచి చూపు తిప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఇదే. వద్దు అంటాడు, ఎందుకో చెప్పడు. నా మోచెయ్యి విదిలించుకుని పెట్టెలోకి ఎక్కాను.

"వెనక చెక్క నెట్టండి, తెర చాటుకి వెళ్తారు," రాఫర్టీ నా చెవిలో చెప్పాడు. తలుపు మూశాడు.

చీకటి. మొహానికి రాసుకునే పౌడరు వాసన. దాని కింద ఏదో మురిగిన వాసన. వెనక చెక్క నెట్టాను. కదిలింది. అవతల తెర లేదు. అక్కడా చీకటే. ఇంకా చిక్కటి చీకటి...

అందులో ఎవరో ఊపిరి తీస్తున్నారు.

నేను ఊపిరి బిగబట్టాను. ఆ ఊపిరి ఆగలేదు.

"ఆల్విన్..." ఆడగొంతు. గుసగుస. పళ్లు కొరుకుతున్నట్టు. "ఇంకా చప్పట్లు అవలేదా?"

అరవబోయాను. చల్లటి వేళ్లు నా భుజం తడిమాయి... మెడ... చెంప. నేను ఆల్విన్‌ని కానని తెలిసినట్టు ఆగిపోయాయి.

"ఎంతసేపు నిలబడాలి?"

ధడాల్న తలుపు తెరుచుకుంది. నాన్న. అడుగున ఎవరికీ కనపడని గొళ్లెం లాగి తీశాడు. నన్ను బయటికి ఈడ్చాడు. జనం చప్పట్లు కొట్టారు.

రాఫర్టీ మొహం పాలిపోయింది. "రెండుసార్లు తీశాను. పెట్టె ఖాళీ. తెర వెనకా లేరు. ఎనిమిది నిమిషాలు... ఎక్కడికి వెళ్లారు?"

జవాబు చెప్పకుండా నాన్నని రేవు మీదికి లాక్కెళ్లాను. బెంచీ మీద కూలబడ్డాడు.

"లోపల ఎవరు?"

"క్వీన్స్‌టౌన్‌లో ఆ రాత్రి మీ అమ్మ దాంట్లోకి ఎక్కింది. తలుపు తీశాను. లేదు. ఆట ప్రకారం మళ్లీ మూసి తీస్తే ఉండాలి. మూసి తీశాను. లేదు."

"అప్పుడేం చేశావు?"

"జనం చప్పట్లు కొడుతున్నారమ్మా..."

"ఏం చేశావని అడుగుతున్నా!"

"వంగి దండం పెట్టాను."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"తర్వాత వెతికాను, ఒట్టు. చప్పట్లు అయ్యాక ఆ అడుగు గొళ్లెమూ లాగాను, అప్పటికే లేదు. రాత్రంతా వెతికాను. ముందు రోజే గొడవపడ్డాం. వదిలేసి పోయిందంటే పోలీసులు నమ్మారు. నేనూ నమ్మాలనుకున్నాను."

"పెట్టెని అక్కడే వదిలేసి వచ్చావు. ఆవిణ్ణి తిట్టుకుంటూ పెరగమని నన్ను వదిలేశావు. నీ పరువు కోసం!"

"నెరీడా..."

"నా పేరు ఎత్తకు. ఇక్కడే చావు."

ఆ మాటే అన్నాను. ఆయన్ని అక్కడే వదిలేసి గోదాముకి పరిగెత్తాను. జనం వెళ్లిపోయారు. మూలన ఉన్న ఇనపకడ్డీ అందుకుని పెట్టె వెనక చెక్క పగలగొట్టాను. అమ్మా, అమ్మా అని అరుస్తూ కొట్టాను. అవతల నల్లతెర, దాని వెనక రాతిగోడ. ఇంకేమీ లేదు.

రాఫర్టీ నన్ను ఆపలేదు. గుమ్మంలో నిలబడి వింతగా చూస్తున్నాడు.

"ఆవిడ మీ చెల్లెలు కాదా?" అన్నాడు.

"ఎవరు?"

"మీరిద్దరూ బయటికి వెళ్లగానే మీ వెనకాలే పెట్టెలోంచి దిగిందే. ముప్పై కూడా ఉండవు. తళుకుల గౌను, కాళ్లకి చెప్పుల్లేవు. ఇద్దరూ కలిసి నాతో ఆట ఆడుతున్నారనుకున్నా." గడ్డం గోక్కున్నాడు. "ముసలాయన ఎటు వెళ్లాడని అడిగింది. రేవు మీద ఉన్నాడని చెప్పాను. మహా కోపంగా ఉంది."

కడ్డీ అక్కడే పడేశాను.

పరిగెత్తాను. నాన్న బెంచీ మీదే ఉన్నాడు. బతికే ఉన్నాడు. కానీ ఒక చివరికి ఒదిగి, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లు ఎదురుగా నీళ్ల మీదే. తల తిప్పడం లేదు.

"నాన్నా... లే. ఇంటికి వెళ్దాం."

పెదాలు మాత్రమే కదిలాయి. "అక్కడ కూర్చోకు."

ఆయన పక్కన చోటంతా ఖాళీ. చలికి నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మంచు పడి రేవంతా తడిసి ఉంది. వంగి ఆ ఖాళీ చోట బెంచీ చెక్క మీద చెయ్యి పెట్టాను.

పొడిగా ఉంది. వెచ్చగా ఉంది.