కొరికిన రొట్టె

కర్నల్ బోతిర్‌ను తాష్కెంట్‌లో ఆయన ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. పోయింది ఆయన. దిక్కులేనివాడైంది మాత్రం సరిహద్దు అవతల, కజకిస్తాన్‌లోని ఆల్మటీలో రొట్టెలు కాలుస్తున్న ఉజ్బెక్ ఏజెంట్ రవ్షన్.

ఐదేళ్లుగా అతను ఒక విదేశీ ముఠా మీద కన్నేసి, అక్కడ తుర్సున్ అనే పేరుతో బతుకుతున్నాడు. పాస్‌పోర్ట్ లేదు, పర్మిట్ లేదు. పోలీసు టోపీ కనిపిస్తే సందులోకి తప్పుకునే వేలమంది ఉజ్బెక్ కూలీల్లో ఒకడు. అదే అతని మారువేషం. అసలు పేరు తెలిసింది కర్నల్‌కి ఒక్కడికే. ఫైలు కూడా తగలబెట్టించి, "దొరికితే నువ్వెవరో మాకు తెలీదు. పనయ్యాక నేనే వచ్చి తీసుకెళ్తా," అని మాటిచ్చాడు.

రొట్టెల మీద ముద్ర వేసే చెక్క అచ్చు పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆ ఉదయం ఎంత పిలిచినా అటునుంచి జవాబు లేదు.

జవాబు మలోహత్ తెచ్చింది. నక్కతోలు కోటు, ఎర్రటి లిప్‌స్టిక్. అటు ఆ ముఠాకీ ఇటు కర్నల్‌కీ పనిచేస్తూ, రవ్షన్‌కి కబుర్లు చేరవేసిన డబుల్ ఏజెంట్.

"కర్నల్ పోయాడన్నా."

రవ్షన్ చేతిలో పిండిముద్ద ఆగిపోయింది. "ఎవరు?"

"మావాళ్లే. ఇక నాకు ఒకటే జీతం." ఆమె కోటులోంచి ఒక పాస్‌పోర్ట్ తీసింది. అతని ఫోటో, ఎవరిదో పేరు. "సాయంత్రం రష్యా రైలెక్కే కూలీల్లో మా మనిషి ఉంటాడు. సంచిలో బాంబు. నింద మనవాళ్ల మీద పడుతుంది, సరిహద్దు మూసేస్తారు. స్టేషన్‌లో కూలీల మొహాలన్నీ తెలిసినవాడివి నువ్వే. ఇవాళ అక్కడ నీ రొట్టెల బండి పెట్టకు."

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావ్?"

"కాదనలేవని. పో అన్నా, వెళ్లి మీ అమ్మ చేతి అన్నం తిను."

ఆ మాటతో సమర్కంద్‌లోని తమ వంటింటి గోడ కళ్లముందు నిలిచింది. బయల్దేరే రోజు అమ్మ అందించిన రొట్టెను ఒక్క ముక్క కొరికి ఇచ్చేశాడు. మిగిలినదాన్ని అమ్మ గోడకి వేలాడదీసింది. వాళ్ల ఆచారం ప్రకారం, కొడుకు తిరిగొచ్చి తినేదాకా దాన్నెవరూ ముట్టుకోరు. ఫోనైనా చెయ్యని కొడుకు కోసం అది ఐదేళ్లుగా ఎండిపోతోంది. రవ్షన్‌కి ఏడుపొచ్చింది. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం అతని బండి ఎప్పటిలాగే ప్లాట్‌ఫాం మీద ఉంది.

సాగనంపేవాళ్లు లేని కూలీలకు రవ్షనే రొట్టె అందించేవాడు. వాళ్లు కొరికి ఇచ్చింది తన కొట్టు గోడకి కట్టేవాడు.

"తుర్సునన్నా, నేనొచ్చేసరికి ఎలుకలు తినేశాయని చెప్పకు!"

"ముందు నువ్వు ప్రాణాలతో రారా వెధవా."

అంతలో ఓ కొత్త మొహం. అతుకుల కోటు, పగిలిన బూట్లు, భుజాన బరువైన సంచి.

"ఒక్కడివేనా తమ్ముడూ? కొరుకు."

అతను కొరికాడు. "బాగుందన్నా," అన్నాడు చక్కటి ఉజ్బెక్‌లో. మిగిలిన రొట్టెను సంచిలో వేసుకుని కదిలాడు.

తిరిగి రావాలనుకునేవాడెవడూ ఆ రొట్టె వెంట తీసుకెళ్లడు. వేషం, యాస అన్నీ నేర్పినవాళ్లు అది మాత్రం నేర్పలేదు.

"పోలీస్!" అని అరిచాడు రవ్షన్. ఐదేళ్లుగా ఆ మాట వింటేనే పరుగెత్తినవాడు. ఆ కొత్తవాడి చెయ్యి జేబులోని రిమోట్ మీదికి పోయింది. రవ్షన్ అమాంతం మీదపడి మణికట్టు విరిచేశాడు. బటన్ మీదికి వచ్చిన బొటనవేలు అక్కడే ఆగిపోయింది.

రైలు క్షేమంగా వెళ్లింది. రవ్షన్ జేబులోని పాస్‌పోర్ట్ తీసి పోలీసుల చేతిలో పెట్టాడు. ఇంటికి ఉన్న ఒకే ఒక్క దారి అది. దాని ఆధారంతోనే మలోహత్, ముఠా అంతా దొరికారు.

నెల తర్వాత, కాగితాల్లేని రవ్షన్‌ని ఉంచిన లాకప్ ముందు కజక్ ఆఫీసరు తల గోక్కున్నాడు. "తాష్కెంట్‌కి రాశామయ్యా. రవ్షన్ అనే ఏజెంటే లేడంటున్నారు. నిన్నెక్కడికి పంపను? నువ్వు నువ్వేననడానికి రుజువేదైనా ఉందా?"

"ఒకటుంది సార్. మా వంటింటి గోడ మీద. నా పళ్ల గుర్తులున్న రొట్టె."

ఆఫీసరు నవ్వబోయి ఆగాడు. "సరే, తెప్పిద్దాం."

"మా అమ్మ ఇవ్వదు సార్," అన్నాడు రవ్షన్. "వచ్చి తినమంటుంది."