మగ్గం గుంతకు పట్టని కాళ్ళు

అంజనప్ప ఇంట్లో రోజూ బొరుగుల ఉగ్గాని తాలింపు వాసన, మగ్గాల చప్పుడు ఒకేసారి లేస్తాయి. ధర్మవరంలో ఆ వీధి వీధంతా అంతే. ఆ పొద్దు మాత్రం వాసన లేచింది గాని చప్పుడు లేవలేదు. రెండో మగ్గం మీద కూర్చోవలసిన అంజనప్ప కూతురు శైలజ తలస్నానం చేసి, ఇస్త్రీ చుడీదారు వేసుకొని, బెంగుళూరు బస్సు ఎన్నింటికని అడుగుతోంది.

గోడవారన నాగభూషణం రాట్నం తిప్పుతున్నాడు. అంజనప్పకు తమ్ముడు. నలభైకి దగ్గర పడ్డాడు, పెళ్ళి లేదు. ఆ వీధిలో రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది ముసలమ్మలు. మీసమున్న మగాడు ఆ పని చేసేది ఈ ఒక్క ఇంట్లోనే. బెంగుళూరు ఎందుకని అతను అడిగితే వదిన సుబ్బమ్మ ఉగ్గాని గిన్నె తెచ్చి, కుక్కకు పెట్టినట్టు అతని ముందు ఠంగుమని పెట్టింది.

సంగతి అతనికి తెలియకపోలేదు. పోయిన వారం పెనుకొండ వాళ్ళు పిల్లను చూసుకోవడానికి వచ్చి, మర్యాదగా కాఫీ తాగి, గడప దాటాక పిల్ల మరీ పొట్టి, మావోని పక్కన నిలబెడితే చంకలోకి వస్తుందని నవ్వుకుంటూ పోయారు. అంతకుముందు వచ్చిన హిందూపురం వాళ్ళదీ అదే పాట. అప్పటి నుంచి శైలజ సరిగా తినలేదు. ఆఖరికి తేల్చి చెప్పింది. చిన్నాయన చేయించుకున్న ఆపరేషనే తనకూ చేయించాలి.

నాగభూషణం పుట్టుక పొట్టే. తొంభై ఆరులో పెళ్ళిచూపులకు పోతే, ఆ పిల్ల అతణ్ణి చూసి వాళ్ళమ్మ చెవిలో ఏదో ఊది కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు అతణ్ణి నిద్రపోనీయలేదు. మోకాళ్ళ కింద ఎముక కోసి, చుట్టూ ఇనుప చక్రాలు బిగించి, దినామూ మరలు కాస్త కాస్త తిప్పుతూ కాలు సాగదీసే డాక్టరు బెంగుళూరులో ఉన్నాడని ఎవరో చెప్పారు. అన్న వద్దన్నాడు. తల్లి ఈరక్క ఏడ్చింది. వినలేదు. ముదిగుబ్బ దగ్గరి చేను అమ్మించి మరీ పోయాడు. మూడంగుళాలు పెరిగి వచ్చాడు. ఎముక పెరిగింది గాని నరం దానితో పాటు రాలేదు. మడమలు నేలకు ఆనవు. కుడి పాదం ఉందో లేదో చూసుకుంటే తప్ప తెలియదు. ఎత్తు చూసి మెచ్చిన పెళ్ళివాళ్ళు నడక చూసి లేచిపోయారు.

అయినా తప్పయిందని ఒక్కనాడూ అనలేదు. అన్న ఎత్తిపొడిస్తే నాకేం, బాగుండా అనేవాడు. మగ్గం ఎందుకు ఎక్కవంటే గుంతలో కూలబడే ఖర్మ నాకేందని మీసం దువ్వేవాడు. రాత్రిళ్ళు పళ్ళు బిగించి మూలిగేది తల్లి ఒక్కదానికే తెలుసు. ఆమె నోరు ఒట్టు పెట్టి మూయించాడు.

అతని మగ్గం శైలజకు వచ్చింది. గుంత మగ్గానికి, నేసేవాళ్ళు కాళ్ళు దించే గుంతను వాళ్ళ కాళ్ళ కొలతకే తవ్వుతారు. అంజనప్ప నాయన ఆపరేషనుకు ముందెప్పుడో చిన్నకొడుకు కాళ్ళు కొలిచి తవ్విన గుంత, అదే పొడుగున్న మనవరాలికి అచ్చంగా సరిపోయింది.

ఉగ్గాని ముట్టకుండా నాగభూషణం అడ్డం తగిలాడు. ఆ పని ఆడపిల్లకు వద్దన్నాడు. అంజనప్ప చెప్పులు వేసుకుంటున్నవాడు ఆగాడు.

“ఎందుకొద్దు? పదేండ్లుగా బాగుండా, బాగుండా అంటాండావు. నీ మాట నమ్మే తీసకపోతాండా.”

“నేను మగోన్ని. ఓర్చుకుంటి.”

“ఏం ఓర్చుకుంటివి? ఓర్చుకునేంత నొప్పి ఉండాదని ఒకనాడన్నా చెప్పినావా మాకు?”

నాగభూషణానికి అన్న కళ్ళలోకి చూస్తే అర్థమైంది. అంజనప్పకూ కూతురిని కోయించడం ఇష్టం లేదు. తమ్ముడి నోటి నుంచి తప్పయిందనే ఒక మాట రావాలి. ఆ మాట వినే దాకా బస్సు ఎక్కించడానికైనా సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరు మగాళ్ళూ తమ పంతం మధ్య పిల్ల కాళ్ళు పెట్టుకొని నిలబడ్డారు.

సుబ్బమ్మ ఊరుకోలేదు. తనకు లేని సంసారం దానికీ ఉండకూడదని మరిది ఏడుపని గొణిగింది. ఈరక్క ఏదో చెప్పబోతే నాగభూషణం కసిరాడు. పోండి, పోయి కోయించుకోండని రాట్నాన్ని కాలితో తన్నాడు. రాట్నం దొర్లింది, పట్టు దారం చిక్కుపడింది. తన్నిన కాలికి దెబ్బ తగిలినట్టే తెలియలేదు.

శైలజ మెల్లగా అంది. “నువ్వు పెరిగితివి గదా చిన్నాయనా. నేను పెరిగితే నీకేంది నొప్పి?”

ఆ మాటలో విషం లేదు. నిజంగానే అడిగింది. నాగభూషణం గోడ పట్టుకొని లేచి, మునివేళ్ళ మీద కుంటుకుంటూ రెండో మగ్గం దగ్గరికి పోయాడు. పదేళ్ళ తర్వాత గుంతలోకి కాళ్ళు దించాడు. మోకాళ్ళు పైకి లేచి, బట్ట చుట్టుకునే కర్రకు తగిలాయి.

“ఇట్లా రా పాపా. గుంతలోకి చూడు. నేను కండ్లు మూసుకుంటా.”

సగం నేసిన చీర మీద చేతులు పెట్టి, కళ్ళు మూసుకొని కాలు కదిపాడు. గుంత అడుగున ఉండే కుడి తొక్కుడు పలక తొక్కుతున్నానన్నాడు. శైలజ వంగి చూసింది. పాదం పలక మీద లేదు. పక్కన ఉత్త మట్టిని తొక్కుతోంది. ఇంకోసారి జరిపి, ఇప్పుడు పలక మీదే ఉంది గదా అన్నాడు. అప్పుడూ మట్టే. సుబ్బమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది.

“లేదు చిన్నాయనా,” అంది శైలజ.

“నేసేటోనికి కండ్లు చీర మీద ఉంటాయి. గుంతలో ఏముండాదో కాలే చూడాల. నాది చూడదు. మగ్గం నేను వదిలినానంటి గదా. అబద్ధం. అంచు తప్పు పడి మూడు చీరలు చెడిపినాక దిగిపోయినా. ఆ పెనుకొండోల్లు ఒగ పూట నవ్విరి. అట్లాంటి నవ్వుకే నేను జల్మమంతా ఇచ్చినా.”

తల తిప్పి అన్న వైపు చూశాడు. ముఖం ఎర్రగా కందిపోయింది.

“తప్పు చేసినా అన్నా. చక్రాలు ఇప్పిన నాడే తెలుసు. నీ ముందర ఒప్పుకోలేక బాగుండా అంటి. నా మాట నమ్మి దీన్ని తీసకపోవద్దు.”

అంజనప్ప గెలిచినట్టు చూస్తాడని నాగభూషణం అనుకున్నాడు. వీధంతా వినేట్టు నేనప్పుడే చెప్పలేదా అంటాడనుకున్నాడు. గుంతలోంచి పైకి రావడానికి తమ్ముడు రెండుసార్లు ప్రయత్నించాడు. పాదాలు నేలను తన్నలేక రెండుసార్లూ కూలబడ్డాడు. అప్పుడు అంజనప్ప వచ్చి, చంకల కింద చేతులు వేసి, చిన్నపిల్లవాణ్ణి ఎత్తినట్టు పైకి లాగాడు. నిలబెట్టాక కూడా వదల్లేదు. వదిలితే పడతాడు.

“ఈ మాట కోసరం పదేండ్లు కాసుకోనుంటి రా,” అన్నాడు. “విన్నాక ఏమీ బాగలేదు.”

శైలజ గుంత అంచున కూర్చొని ఏడ్చింది. ఎంతసేపో ఏడ్చి, ముక్కు తుడుచుకొని, బెంగుళూరూ వద్దు, ఆ పెనుకొండోల్లూ వద్దు, చిక్కు పడిన దారం ఇయ్యండి, తీస్తానంది. సుబ్బమ్మ చల్లారిన ఉగ్గాని గిన్నె తీసుకుపోయి మళ్ళీ వేడి చేసి తెచ్చింది. ఈసారి చప్పుడు కాకుండా పెట్టి, తిను నాగన్నా అంది.

నాగభూషణం తినడానికి కూర్చోలేదు. అన్న భుజం మీద బరువంతా వేసి అట్లాగే నిలబడ్డాడు. ఇద్దరూ ఎవరి ముఖం వాళ్ళు పక్కకు తిప్పుకొని ఏడుస్తున్నారు.