ఆపరేషన్ పండు ఊపిరి

బుడాపెస్ట్‌లో పసుపుపచ్చ ట్రామ్ నదిని దాటుతుండగా, డాక్టర్ కల్లోష్ పక్క సీట్లో బూడిదరంగు స్కార్ఫ్ చుట్టుకున్న మనిషి వచ్చి కూర్చున్నాడు. తర్వాతి స్టాపులో అతను దిగిపోయాడు. డాక్టర్ దిగలేదు. ఆయన మెడ మీద దోమకాటంత ఎర్రటి చుక్క మిగిలింది.

ఆ మధ్యాహ్నమే ఏజెంట్ టిహమేర్‌కు కల్నల్ రోజ్గోని గదికి పిలుపు వచ్చింది. కల్నల్ కూర్చోమనలేదు.

"నిన్ను పిలవడం నాకిష్టం లేదు. మాడ్ ఊళ్లో పుట్టావు కాబట్టి పిలిచాను. ద్రాక్ష కోయడం గుర్తుందా, అదీ మర్చిపోయావా?"

"కోస్తాను సార్. గొంతులు కూడా."

"నోరు మూసుకుని విను. పండు పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. అది మొక్కల హార్మోన్. 'ఇక పండు' అని మొక్క తనకు తాను ఇచ్చుకునే ఆర్డర్. ఆ ఆర్డర్‌ను బూజు కూడా వింటుంది. విని, తిండి సిద్ధమవుతోందని తెలుసుకుని మొలకెత్తుతుంది."

"అంటే మొక్క లైన్‌ను ట్యాప్ చేస్తుందన్నమాట."

"ఈ ఏడాదిలో నువ్వు మాట్లాడిన తెలివైన మాట ఇదొక్కటే. కల్లోష్ ల్యాబ్‌లో ఒక కొత్తరకం బూజు ఉండేది. ఎథిలీన్ తగిలేదాకా దాని సిద్ధబీజాలు రాళ్లలా నిద్రపోతాయి. తగిలిందా, పండు, కాడ, తీగ, మోడు, దేన్నీ వదలదు. గ్రే స్కార్ఫ్ ముఠా దాన్ని కాజేసింది. కాయకు రంగు తెప్పించే హార్మోన్ మందుతో కలిపి, డ్రోన్‌తో మాడ్ కొండల మీద చల్లబోతున్నారు."

టిహమేర్ ముఖంలో నవ్వు మాయమైంది. మాడ్ కొండల మీద ఉండేది మంచి బూజు. శరదృతువు పొగమంచులో అది ద్రాక్షకు పట్టి, పండును కిస్మిస్‌లా ముడిచి, తేనెలాంటి వైన్ ఇస్తుంది. ఊరంతా బతికేది దాని మీదే. ఆ కొత్త బూజు దిగితే ఇక అక్కడ తీగే ఉండదు.

"ముఠా లోపల మన మనిషి ఉంది. ఎలెనోరా. 'పొగమంచు ఆలస్యమైంది' అను. 'ఎండ తొందరపడింది' అంటుంది. ఆమెను నమ్మకు."

"మన మనిషేగా సార్?"

"వాళ్ల మనిషి కూడా."

మర్నాడు పెట్టుడు మీసంతో, పాత టోపీతో టిహమేర్ ద్రాక్ష కోసే గుంపులో కలిశాడు. ముడుచుకున్న ద్రాక్షపండొకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆ తీపికి, తానొచ్చిన పనేమిటో ఒక్క క్షణం మర్చిపోయాడు.

"ఒరేయ్ మీసం! కోసేది బుట్టలోకా, బొజ్జలోకా?"

మేస్త్రీ పిరోష్కా అరుపు అది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఎడమవైపు ఊడుతోంది, అద్దుకో. మీ నాన్నకీ మీసం నిలవలేదురా టిహమేర్."

"అత్తా, నన్ను చూసినట్టు ఎవరికీ చెప్పకు."

"చూడ్డానికేముందిలే నీలో!"

ఎర్రకోటు వేసుకుని, ఎత్తు మడమల చెప్పులతో మట్టిలో తడబడకుండా నడుస్తూ ఎలెనోరా వచ్చింది. కోడ్ మాటలు ఇద్దరూ పళ్లు బిగించే చెప్పుకున్నారు.

"సీసా స్టీలు పెట్టెలో ఉంది," అంది. "సీసా మూతకీ, పెట్టెకీ గాలి కన్నాలున్నాయి, లేకపోతే బీజాలు చస్తాయి. ముఠా నాయకుడు బ్రాంట్ బొటనవేలికే తెరుచుకుంటుంది. ఇంకెవరు తెరిచినా పేలుతుంది. ఆ పిరోష్కా ఇంట్లోనే గది అద్దెకు తీసుకున్నాడు, బీరువాలో పెట్టాడు. ఆదివారం ఊరంతా చర్చిలో ఉన్నప్పుడు డ్రోన్ లేస్తుంది."

"నువ్వు ఎవరి వైపు?"

"నీలాంటివాడి వైపు అయితే కాదులే."

సాయంత్రం పిరోష్కా వంటింట్లో గిన్నెలు విసిరికొడుతోంది. "అక్టోబరు వస్తే బీరువా మీద ఆపిల్‌లాంటి ఆ పచ్చటి బిర్ష్ పళ్లు పెట్టని ఇల్లు ఈ ఊళ్లో ఉందా? గదంతా ఎంత ఘుమఘుమ! ఆ బ్రాంట్‌గాడు ఒక్కటీ మిగల్చకుండా కిటికీలోంచి పారేశాడు. పండు ఉన్న గదిలో పడుకోడట, పాడుమొహం!"

టిహమేర్ చేతిలో చెంచా ఆగిపోయింది. బ్రాంట్ పారేసింది వాసనకు కాదు, పండు ఊపిరికి, అది వదిలే ఎథిలీన్‌కు భయపడి.

"బీరువా మీదవేనా పారేసింది? లోపల దుప్పట్ల మడతల్లో కూడా పెడతావుగా?"

"ఆ సంగతి బయటి ఊరివాడికెలా తెలుస్తుందిరా!"

"ఇంకా పెట్టు అత్తా. బాగా మగ్గినవి. మడతమడతకీ."

పిరోష్కా ఎందుకని అడగలేదు. బ్రాంట్ మీద కసి తీర్చుకునే అవకాశం ఆమెకు చాలు. పళ్లు దాచడానికి పక్కింటి దుప్పట్లు కూడా తెచ్చి బీరువా నింపేసింది. గదికి ఎప్పటినుంచో ఆ వాసన పట్టి ఉంది కనుక బ్రాంట్ ముక్కుకు తేడా తెలియలేదు.

ఆదివారం. చర్చి గంటలు మోగుతున్నాయి. కొండ మీదికి పాకుతున్న టిహమేర్ మెడకు చల్లటి పిస్తోలు తగిలింది.

"లే," అంది ఎలెనోరా. ఒక్క లాగుకు మీసం పీకేసింది.

బ్రాంట్ పకపకా నవ్వాడు. "చంపకు. చూసి ఏడవనీ." పెట్టె మీద బొటనవేలు నొక్కాడు. నల్లగాజు సీసాను డ్రోన్‌కు బిగించి, మీట నొక్కాడు.

డ్రోన్ లేచింది. సీసాలో బీజాలు ముందే లేచాయో లేదో టిహమేర్‌కూ తెలియదు. డ్రోన్ మొదటి తీగవరస మీదికి వెళ్లింది. మందు చల్లే గొట్టం మూతి తెరుచుకుంది.

ఏమీ రాలలేదు.

మోటారు మూలిగింది. గొట్టాలు ఉబ్బాయి. డ్రోన్ తూలి బ్రాంట్ కాళ్ల దగ్గరే కూలింది. అతను సీసా ఊడబెరికాడు. లోపల బూడిదరంగు ఉన్ని దట్టంగా కుక్కినట్టుంది. ఎండి చచ్చిన బూజు.

"ఎవరు లేపారు దీన్ని?"

"పండు పిలిచింది, లేచింది," అన్నాడు టిహమేర్. "తినడానికేమీ లేక చచ్చింది. నీ సీసాలో విస్తరి వెయ్యడం మర్చిపోయావు."

బ్రాంట్ జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. ఎలెనోరా పిస్తోలు మూతి టిహమేర్ మెడ వదిలి, తీరిగ్గా బ్రాంట్ నుదుటి వైపు తిరిగింది.

"నాకు థాంక్స్ చెప్పకు," అంది టిహమేర్‌తో. "నీ మొహం ఇప్పటికీ నాకు నచ్చలేదు."

పోలీసులు బ్రాంట్‌ను కొండ దింపి తీసుకుపోయారు. టిహమేర్ ఎండుతీగల మంటలో సీసాలోని బూజును బూడిదయ్యేదాకా కాల్చాడు. చర్చి వదిలాక ఆడవాళ్లు బుట్టలతో కొండెక్కారు. అప్పుడే ఫోన్ మోగింది.

"సాయంత్రానికల్లా నా ముందుండాలి!" అన్నాడు కల్నల్.

పిరోష్కా ఫోన్ లాక్కుంది. "ఎవరయ్యా నువ్వు? వీడు కోసే తీగవరస సగంలో ఉంది. అది పూర్తయ్యేదాకా ఎక్కడికీ రాడు. అంత తొందరైతే నువ్వే వచ్చి కొయ్యి!"

మూడు దేశాల గూఢచారులను గడగడలాడించిన కల్నల్ రోజ్గోని గొంతు తగ్గించాడు.

"బుట్ట అక్కడే ఇస్తారాండీ, నేనే తెచ్చుకోవాలా?"