గొళ్ళెం పెట్టినంక

సింగపూర్ నుంచి సొంతూరు గట్టుకు వచ్చి గంట కూడా కాలేదు. పెట్టె ఇంకా విప్పనే లేదు, దాని పిడికి విమానం వాళ్ళు అంటించిన కాగితం అలాగే వేలాడుతోంది. శ్రీవాణి అప్పుడే పొయ్యి మీద చాయ్ పెట్టింది. చేను చూసొచ్చిన దినేష్ బురద చెప్పులతోనే లోపలికి వచ్చాడు. ముందు వీధి తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. తర్వాత భార్య చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు ఆమె గోడకు తగిలి, పెదవి పగిలి, కొంగంతా నెత్తురైంది!

"రెండు దినాల సంది మొగ్గలు గిల్లలేదు. సాళ్ళన్నీ పాడైనయి. అమ్మకు చెప్పి రమ్మంటి గద నిన్ను?"

విత్తనాల కోసం సీడు పత్తి వేసే ఇళ్ళలో ఆ పని గురించి తెలియని ఆడది ఉండదు. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, తెల్లారి వాటికి మగపూలు అద్దాలి. ఒక్క పూట తప్పితే ఆ పూలు విత్తనానికి పనికిరావు. నిరుడు ఈ పనిలో దినేష్ మండలంలోనే ముందున్నాడని విత్తనాల కంపెనీ మొగుడూపెళ్ళాలిద్దరినీ నాలుగు రోజులు సింగపూర్ తిప్పింది. మొగ్గలు గిల్లి గిల్లి గోళ్ళు నల్లబడ్డాయి శ్రీవాణికి. శాలువా కప్పింది మాత్రం ఆయనగారికి!

"ముసురు పట్టె గదరా. కూలోళ్ళను నేనే ఇంటికి తోలిన. ఆ పిల్ల చెప్పే పోయింది," అంటూ అత్త బాలనాగమ్మ మంచం మీద నుంచి లేచింది.

"నువ్వు జరుగమ్మా."

మూలనున్న మందు పంపు రబ్బరు పైపు అందుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది అడ్డం పెట్టిన ముంజేతి మీద. గాజులు పగిలి మణికట్టులో గుచ్చుకున్నాయి. మూడోది తొడ మీద... చాయ్ పొంగి పొయ్యి మీద పడుతున్నా చూసేవాళ్ళు లేరు.

బాలనాగమ్మ కోడలిని పొదివి పట్టుకుని, పదకొండేళ్ళుగా చెప్తున్న మాటే మళ్ళీ చెప్పింది. "ఊకో బిడ్డ... వీళ్ళ నాయిన గూడ గింతే. కోపమొస్తే వీళ్ళకు ఒళ్ళు తెల్వదు. చెయ్యి ఆగదు."

ఆ మాట నమ్మే శ్రీవాణి ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఉంది. ఆగని చేతిని ఏమని అడుగుతుంది? గాలినీ వాననూ అడుగుతామా? కానీ ఇవాళ ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఆగుతది అత్తమ్మా. ఆడ ఆగింది."

"ఏంది?"

"సింగపూర్ల రెండో దినం రైలెక్కేటప్పుడు నేను ఎనకబడ్డ. తలుపులు మూసుకున్నయి. ఆయన లోపల, నేను బయట. ముందు స్టేషన్ల దిగి మళ్ళొచ్చి నా మీదికి చెయ్యి లేపిండు. పక్కనెవరో ముసలామె, మన భాష గాదు, మన మనిషి గాదు. జర ఇటు తిరిగి చూసింది, అంతే. ఆ చెయ్యి పోయి జేబుల పడ్డది. గదికి పోయినంక కొడతడనుకున్న. పక్క గదిల కంపెనీ సార్లుండిరి, పండ్లు పటపట కొరుక్కుంట పన్నడు. నాలుగు దినాలల్ల ఒక్క దెబ్బ లేదు అత్తమ్మా. నేను సంబరపడ్డ. ఆ ఊర్ల దుమ్ము లేదు, తోసుకునుడు లేదు, మొగుడు చెయ్యెయ్యడు, మన ఊరు గిట్ల ఎందుకు లేదా అనుకున్న. ఈడ నేను ఏడిస్తే వాడకట్టోళ్ళంత ఇంటరు, ఒక్కరూ తలుపు కొట్టరు. ఇప్పుడు తెలిసింది. ఊరు మంచిదై గాదు. ఆయనకు ఆపుకునుడు వచ్చు."

"నోరు మూస్తవా లేదా?" దినేష్ మళ్ళీ పైపు ఎత్తాడు.

బాలనాగమ్మ కదల్లేదు. ఆమె ఎడమ చెవి వినపడక ఇరవై ఆరేళ్ళు. మొగుడు భీమన్న కొట్టిన చెంపదెబ్బ అది. బావి దగ్గర జారి పడ్డానని దవాఖానలో చెప్పుకుంది. ఇప్పుడామె గొళ్ళెం వైపే చూస్తోంది.

"దినేషూ, ఇంట్లకు రాంగనే తలుపెందుకు మూసినవురా?"

కొడుకు చూపు గొళ్ళెం మీదికి పోయింది.

"మీ నాయిన గూడ మూసేటోడు. సుట్టాలుంటే వాళ్ళు చాయ్ తాగి, చెప్పులు తొడుక్కొని పోయేదాంక నవ్వుకుంట కూసునేటోడు. గొళ్ళెం పెట్టినంకనే కొట్టేటోడు. ఒళ్ళు తెల్వనోడికి గొళ్ళెం ఎట్ల యాదికుంటదిరా?"

ఆమె వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. వీధిలో పోతున్న నలుగురు కూలి ఆడవాళ్ళు నెత్తురు చూసి ఆగిపోయారు. "ఇగ కొట్టు," అంది బాలనాగమ్మ.

దినేష్ చెయ్యి దిగింది. పైపు మెల్లగా వీపు వెనక్కి పోయింది. అది శ్రీవాణి చూసింది, అత్తా చూసింది.

అప్పుడేడ్చింది ఆ ముసలిది! మొగుడు చచ్చినరోజు కూడా అంత ఏడవలేదు. "ఆయనకూ ఆపుకునుడు చేతనైతుండె బిడ్డా... నేను ఆగదని నమ్మితి. నమ్మి నీకు నేర్పితి."

శ్రీవాణి పొయ్యి ఆర్పింది. పెదవి తుడుచుకుని పెట్టె పట్టుకుంది. "గద్వాల దవాఖానల చెయ్యి చూపించుకుంట అత్తమ్మా. పోలీస్ స్టేషన్ల కాయితం రాసిచ్చి, కోడేరు పోత, మా అమ్మ దగ్గరికి."

"పొద్దుగూకితే మొగ్గలు గిల్లాలె. చేను ఎవరు చూడాలె?" అన్నాడు దినేష్.

బాలనాగమ్మ దండెం మీది చీరలు తీసి చంకన పెట్టుకుని కోడలి దగ్గరికి వచ్చింది.

"నావి రెండే చీరెలు. నీ పెట్టెల పడతయా బిడ్డ?"

శ్రీవాణి ఆ గడపలోనే కూర్చుని పెట్టె విప్పింది.