ఆమెను చూసి బెదిరిన కొంగలు

"నా కొంగలు నన్ను చూసి పారిపోతున్నాయండీ!" అంటూ డిటెక్టివ్ ఎదుటి కుర్చీలో కూలబడింది ఆమె. పక్షుల నడవడిని పరిశోధించే శాస్త్రవేత్త. యాభై దాటిన మనిషి.

అసిస్టెంటు నవ్వబోయి, డిటెక్టివ్ ముఖం చూసి మానుకున్నాడు.

అవి నిజం కొంగలు కావు. ఎండిపోయిన ఒక చెరువు దగ్గర ఆమె ఏళ్ళ తరబడి రాసుకున్న కొంగల తీరునంతా కంప్యూటరుకు నేర్పారు. వీఆర్ కళ్ళజోడు పెట్టుకుంటే ఆ గట్టు మీద ఉన్నట్టే. నిదానంగా ఉంటే దగ్గరికొస్తాయి, మీదికెళితే ఎగిరిపోతాయి. ఎవరి కళ్ళజోడు వాళ్ళదే. దాని నంబరును బట్టే కొంగలు మనిషిని గుర్తుపెట్టుకుంటాయి.

"మూడేళ్ళు రోజూ గంటసేపు కదలకుండా కూర్చున్నానండీ. అప్పటికి ఒక కుంటి కొంగ వచ్చి నా పక్కన నిలబడింది. ఇంటికెళితే పలకరించే దిక్కు లేదు నాకు. అదొక్కటే..." మాట మార్చింది ఆమె. "ఈ నెల నేను కనబడితే చాలు, లేచిపోతున్నాయి. మిగతావాళ్ళకు బెదరవు. ఎవరో ప్రోగ్రాం చెడగొట్టారు."

"కళ్ళజోడులో ఏమైనా తేడా ఉందా?"

"పట్టీ వదులవుతోంది. రోజూ పొద్దున్నే బిగించుకుంటున్నాను."

ల్యాబులో మరో ముగ్గురే పనిచేస్తారు. ప్రోగ్రాం రాసే అమ్మాయి ముందే బెదిరిపోయింది. "నేనేం ముట్టుకోలేదు సార్, ఒట్టు! మేడం కళ్ళజోడుతో ఎవరో వాటి మీదికి పరిగెత్తారు. రోజూ భోజనాల వేళే భయం పెరిగింది, రికార్డు చూడండి."

"ఆ వేళ మేమందరం కలిసి భోంచేస్తుంటామండీ," అన్నాడు ల్యాబు అధికారి.

పరికరాలు బాగుచేసే టెక్నీషియన్ మాత్రం తలొంచుకుని ఏదో వైరు అతుకుతున్నాడు.

మర్నాడు భోజనాలవగానే డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టి, ఆమె కళ్ళజోడు తెచ్చాడు. "పట్టీ ముట్టుకోకుండా పెట్టుకోండి."

అమ్మాయికి ముక్కు మీదికి జారింది. అధికారికి నెత్తి మీదే ఆగిపోయింది. పదవితో పాటు తలా పెరిగినట్టుందని అసిస్టెంటు గొణిగాడు. టెక్నీషియన్‌కు అతికినట్టు సరిపోయింది.

"ప్రోగ్రాం ఎవరూ చెడగొట్టలేదు," అన్నాడు డిటెక్టివ్. "భోజనాల వేళ పట్టీ తన తలకు సరిపడా వదులు చేసుకుని ఇతను పరిగెత్తాడు, కొంగలు ఈవిడే అనుకున్నాయి. అందరూ కలిసి తింటారన్నారు కదా, ఇతన్ని ఎప్పుడైనా పిలిచారా?"

అధికారి నేల చూపులు చూశాడు.

"చెడగొట్టాలని కాదు మేడం," అన్నాడు టెక్నీషియన్. "నా కళ్ళజోడుతో వెళితే ఒక్కటీ దగ్గరికి రాదు. మీదానితో వెళితే కుంటిది తనంతట తనే నడిచొచ్చింది. నాకెవరైనా ఎదురొచ్చి ఎన్నేళ్ళయిందో! ఆగలేక వాటేసుకోబోయాను. ఎగిరిపోయింది. మర్నాడైనా ఆగుతుందేమోనని రోజూ..."

అసిస్టెంటు ఎప్పటిలా డిటెక్టివ్‌ను మెచ్చుకోబోయి, నోటుబుక్కు మూసేశాడు.

"కొంగలు బెదరక ముందటి కాపీలు లేవు మేడం," అంది అమ్మాయి మెల్లగా. "కావాలంటే వాటి జ్ఞాపకం చెరిపేస్తాను. అప్పుడు మీకు భయపడవు. కానీ మీరెవరో కూడా తెలీదు."

ఆమె గట్టు కనిపిస్తున్న గోడ మీది తెర వైపు చూసింది.

"వద్దు. భయపడితే భయపడనీ. నేనెవరో తెలియకపోవడం కంటే అదే నయం."

తర్వాత టెక్నీషియన్ వైపు తిరిగింది. "నువ్వు చేసింది క్షమించలేను. అయినా నీ కళ్ళజోడు తెచ్చుకుని కూర్చో. కదిలావంటే ఊరుకోను."

వాళ్ళు కళ్ళజోళ్ళు పెట్టుకోగానే తెర మీద కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఖాళీ గట్టు మీద ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.