ఇంకొక్కటి

పాత హాలు పక్క సందులోంచి రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఎవరూ నడవరు. చుట్టూ తిరిగి పెద్ద రోడ్డు మీంచే వెళ్తారు... పది నిమిషాలు ఎక్కువైనా సరే.

దీపం లేక కాదు, దీపం ఉంది. ఆ వేళకి హాలు పక్కతలుపు వెనకాల వయొలిన్ మోగుతుందని పేరు. ఎవరు విన్నారంటే మాత్రం తేలదు. పాలతను విన్నాడంటారు. పాలతన్ని అడిగితే ఇస్త్రీ చేసే ఆవిడ విన్నదంటాడు. ఆవిడనడిగితే, "నేనెందుకు వింటాను బాబూ, అటు పోతేగా!" అంటుంది.

నేను మాత్రం రోజూ ఆ సందులోంచే ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, మైకులు బాగుచేయడం నా పని. ముప్పై ఏళ్ళుగా శబ్దంతో కాపురం చేస్తున్నవాణ్ణి, శబ్దానికి భయపడతానా అని నా ధీమా. "మీరు దెయ్యం పిలిచినా పలకరు లెండి, నేను పదిసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతారు" అనేది మా ఆవిడ. మొగుళ్ళందరి మీదా ఉండే ఫిర్యాదే కదా అని నవ్వేసేవాణ్ణి.

ఇది మా బావగారికి జరిగింది. మా ఆవిడకి అన్నయ్య. కొంత ఆయన చెప్పగా విన్నాను, కొంత పక్కనుండి చూశాను.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. పొద్దస్తమానం "ఈ వరస కనబడుతోందా? కింద వరస?" అంటూ వీధి వీధంతటి కళ్ళూ చూసేవాడు. సాయంత్రం మాత్రం ఆయన చెవులది. పాటంటే చెవి కోసుకునే మనిషి. పెళ్ళి కూడా చేసుకోలేదు. ఎందుకంటే, "పక్కన అలికిడి ఉంటే నాకు వినబుద్ధి కాదు" అనేవాడు!

ఇంటికి రాగానే చేతులు కడుక్కునేవాడు. ఫోను తీసుకెళ్ళి బీరువాలో బట్టల మధ్య పెట్టేవాడు. రికార్డుని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు... అదీ ఒకవైపే తిప్పి. కుర్చీ నాలుగు కాళ్ళ కిందా నేల మీద సున్నంతో గుర్తులు. కుర్చీ అంగుళం జరిగినా ఆయనకి తెలిసిపోయేది. దీపం ఆర్పి, వాల్యూము నాలుగు మీద పెట్టి, కళ్ళు మూసుకునేవాడు. ఎప్పుడూ నాలుగే. అందుకే వీధిలో అందరూ ఆయన్ని 'నాలుగుగారు' అనేవారు.

కచేరీలకి వెళ్తే మూడో వరస, నడవ పక్క సీటు. అందరూ చప్పట్లు మొదలుపెట్టినా ఆయన మొదలుపెట్టేవాడు కాదు. ఆఖరి స్వరం గాలిలో పూర్తిగా కరిగిపోయాక, అప్పుడు కొట్టేవాడు.

ఆరేళ్ళ కిందట ఆ హాల్లో జరిగిన చివరి కచేరీకీ వెళ్ళాడు. ఒక ముసలాయన వయొలిన్. ఆ రాత్రి మైకులు నావే. రెండు గంటలు వాయించి, ముసలాయన అలిసిపోయి వయొలిన్ దించాడు. నేను మైకు కట్టేశాను. అప్పుడు మూడో వరసలోంచి మా బావగారు లేచి నిలబడి ఒక కేక వేశాడు...

"ఇంకొక్కటి!"

ఎన్నడూ నోరెత్తని మనిషి. హాలంతా అందుకుంది. ముసలాయన నా వైపు చూశాడు. వద్దన్నట్టే చూశాడని ఇప్పుడనిపిస్తుంది. నేను మాత్రం మైకు మళ్ళీ వేశాను.

ఆయన మొదలుపెట్టింది ఎవరూ అదివరకు వినలేదు. సొంతంగా కట్టుకున్నదట. మెట్లెక్కినట్టు ఒక్కో స్వరమే ఎక్కుతూ, ఎక్కుతూ, పై మెట్టు మీద ఒక్క క్షణం నిలబడి... గీరుమంది. వాయించే కమాను చేతిలోంచి జారింది. ఆయన ముందుకి ఒరిగిపోయాడు. మళ్ళీ లేవలేదు.

తర్వాత హాలు పైకప్పు కారుతోందని మూసేశారు. మా బావగారు ఆ రాత్రి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

పోయిన చలికాలం ఆయన తన ఆంప్లిఫయరు మోసుకుని నా దగ్గరికొచ్చాడు.

"దీనికి బలం తగ్గింది, బావా. నాలుగు మీద పెడితే మునుపటి జోరు లేదు. ఏడు దాకా తిప్పాల్సొస్తోంది. వయొలిన్ అయితే మరీ... దుప్పటి కప్పి వాయిస్తున్నట్టుంది."

విప్పి చూశాను. మీటరు పెట్టి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. రికార్డు పెట్టి విన్నాను. నిజమే, కొంచెం మొద్దుగానే ఉంది. ముప్పై ఏళ్ళ చెవి ముందు మీటరెంత? మీటరునే అనుమానించి, రెండు భాగాలు మార్చి ఇచ్చాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఈసారి స్పీకర్ల మీద అనుమానం. తర్వాత రికార్డు సూది మీద. ఆయన అనుమానించడం, నేను మార్చడం. మేమిద్దరం కలిసి ఆ సెట్టులో మార్చనిది లేదు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి తొమ్మిది కాకముందే మా తలుపు తట్టాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా... హాలు..."

"ఏమైంది బావగారూ?"

"వాయిస్తున్నాడు." గొంతు తగ్గించాడు. "అదే. ఆ రాత్రి వాయించిందే... సరిగ్గా అక్కడే ఆగిపోయింది."

నాకు నవ్వొచ్చింది. కానీ ఆయన మొహం చూసి నవ్వు మింగి, మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. రికార్డరు పట్టుకెళ్ళాను. పక్కతలుపుకి తుప్పు పట్టిన తాళం, గొళ్ళెం మీద సాలెగూడు. సందులో మా ఇద్దరి ఊపిరి తప్ప చప్పుడు లేదు.

ఆయన చటుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"మొదలైంది..."

నాకేమీ వినబడలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు నా మణికట్టు మీద తాళం వేస్తున్నాయి. ఒక్కో మెట్టూ... ఒక్కో మెట్టూ. ఉన్నట్టుండి గట్టిగా నొక్కి, వదిలేశాడు.

"అయిపోయింది."

ఇంటికొచ్చి రికార్డరు వేసి చూశాం. చెప్పుల చప్పుడు. దూరంగా ఏదో బండి. అంతే.

"నా కోసమే వాయిస్తున్నాడు" అన్నాడాయన. "ఆ కేక వేసింది నేనేగా! పూర్తి చెయ్యలేక, రోజూ నా దగ్గరికే వస్తున్నాడు. నేనేం చెయ్యను, బావా? చెప్పు, ఏం చెయ్యను?"

పాడైపోయిన యంత్రమైతే విప్పుతాను. ఇదెక్కడ విప్పను? మైకు వేసింది నేనేనన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

సందు మానేసి పెద్ద రోడ్డు మీంచి రమ్మన్నాను. వచ్చాడు. హాలు ముందువైపు బోర్డు కనబడగానే మొదలైందట. కొన్నాళ్ళకి ఇంట్లోనూ... దీపం ఆర్పి, సున్నపు గుర్తుల మధ్య కుర్చీలో కూర్చోగానే, రికార్డు పెట్టకముందే. మనిషి చిక్కి సగమయ్యాడు. దుకాణంలో ఒకరి కళ్ళజోడు ఇంకొకరికిచ్చి పంపాడు.

ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లో టీ తాగుతూ అన్నాడు, "ఈ వీధిలో పిచ్చుకలు కూడా పోయాయి. ఎన్నాళ్ళయిందో వాటి కూత విని."

"అవును బావగారూ, నేనూ అదే అనుకుంటున్నా" అన్నాను.

మా ఆవిడ టీ వడగడుతున్నదల్లా ఆగిపోయింది. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కిటికీ వైపు చూసింది. ఊచల మీద నాలుగు పిచ్చుకలు... ముక్కులు తెరిచి, మూసి, తెరిచి...

"అన్నయ్యా," అంది మెల్లగా, "లే. చెప్పులేసుకో."

చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. గాజు తలుపున్న చిన్న గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చింది. శబ్దం వినబడగానే నొక్కాలి. ఆయన కచేరీలో కూర్చున్నట్టే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. బయట డాక్టరమ్మ ఒక్కో శబ్దం పంపుతూ కాగితం మీద చుక్కలు పెడుతోంది. పెడుతూనే ఉంది. లోపల ఆయన బొటనవేలు మీట మీద అలాగే ఆగి ఉంది, నొక్కడానికి సిద్ధంగా... నొక్కకుండా.

నాకు గాజు బద్దలుకొట్టి ఆ వేలు నేనే నొక్కాలనిపించింది.

"సన్నని శబ్దాలన్నీ పోయాయి" అంది డాక్టరమ్మ. "చాలా కాలంగా పోతున్నాయి. చెవి పంపేది తగ్గిపోయినప్పుడు తల ఊరుకోదండీ, తన దగ్గరున్నది తీసి వాయించుకుంటుంది. కొంతమందికి ఇలా అవుతుంది. పిచ్చి కాదు, దెయ్యమూ కాదు."

"మరి అక్కడే ఎందుకాగుతుంది?" అడిగాడాయన.

"ఆ తర్వాతది మీరు వినలేదు కదా! మీ దగ్గర లేనిది మీ తల ఎక్కణ్ణించి తెస్తుంది?"

"పోయినవి మళ్ళీ...?"

డాక్టరమ్మ అడ్డంగా తలూపింది.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడ్డాడు. "దెయ్యమైనా బాగుండేది, బావా. దెయ్యాన్నయితే క్షమించమని అడుక్కునేవాణ్ణి."

చెవికి మిషను ఇచ్చారు. దాంతో మాటలు బాగానే వినబడుతున్నాయి. ఆ రాత్రి చేతులు కడుక్కుని, ఫోను బీరువాలో పెట్టి, రికార్డు తుడిచి, నాలుగు మీద పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. అర నిమిషం విన్నాడు. లేచి సూది ఎత్తేశాడు.

"రేకు మీద గోరు పెట్టి గీకినట్టుంది" అని, ప్లేయరు మీద గుడ్డ కప్పేశాడు.

మిషను పెట్టుకున్నాక హాల్లో వయొలిన్ కూడా ఆగిపోయింది. తీసేస్తే వస్తుంది. అందుకని రోజూ ఎనిమిదిన్నరకి ఆ పక్కతలుపు దగ్గరికెళ్ళి, మిషను తీసి జేబులో వేసుకుని నిలబడేవాడు. భయపడి పారిపోయిన మనిషే... ఇప్పుడు దాని కోసం పోతున్నాడు. ఆయనకి మిగిలిన సంగీతం అదొక్కటే. చేయగలిగింది లేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండును.

పోయిన మంగళవారం ఆయనకి జ్వరం. నేనూ మా ఆవిడా వెళ్ళి చూశాం. ఆవిడ వదిలి రాలేక ఇంకాసేపుంటానంది. నేనొక్కణ్ణే బయల్దేరాను. చినుకులు మొదలయ్యాయని సందులోంచి అడ్డంగా నడిచాను.

పక్కతలుపు దాటబోతుండగా...

వయొలిన్.

ఆగి తలుపు వైపు తిరిగాను. తలుపుకి తాళం అలాగే ఉంది. కానీ స్పష్టంగా... ఒక్కో మెట్టే... మెల్లగా పైకి...

బావగారి అనుమానమే నిజమన్నమాట! దెయ్యమే! మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. దాని ముందు దెయ్యమే నయమనిపించింది.

ఆ పై మెట్టు దాటి పాట ముందుకి సాగితే... అది ముసలాయనే. నేనెన్నడూ విననిది నా తలకి వాయించడం రాదు. అక్కడే ఆగిపోతే...

మొద్దుగా వినబడ్డ ఆంప్లిఫయరు గుర్తొచ్చింది. మీటరు గుర్తొచ్చింది. పిచ్చుకలు గుర్తొచ్చాయి.

జన్మలో మొక్కనివాణ్ణి చేతులు జోడించాను. ఆ తలుపుకే. "స్వామీ... మైకు వేసింది నేనే. నన్ను పీక్కుతిను. కానీ ఆపకు. ఇంకొక్కటి... ఒక్క స్వరం..."

మెట్టు మీద మెట్టు. పై మెట్టు. ఒక్క క్షణం నిలబడింది...

గీరుమంది. ఆగిపోయింది.

సందంతా నిశ్శబ్దం. వాన పడుతోంది... చినుకులు నేల మీద చిట్లడం కనబడుతోంది.

వెనకనించి ఒక చల్లటి చెయ్యి నా భుజం మీద పడింది.

కెవ్వున అరిచి వెనక్కి తిరిగాను. మా ఆవిడ. తడిసి ముద్దయి, ఒగరుస్తూ, చేతిలో నేను మరిచిపోయిన గొడుగు. నా మొహంలోకి చూసి ఆవిడ మొహం కూడా పాలిపోయింది.

"సందు మొదటి నుంచీ పిలుస్తూనే ఉన్నానండీ," అంది, "గొంతు చించుకుని..."