ముగింపు వాక్యం లేని పరామర్శ

కూలీల శిబిరం మెట్లెక్కుతూనే విజయదుర్గ గొంతుపట్టీ బిగించుకుంది. "విద్యార్థి సిద్ధం," అంది పట్టీ. విద్యార్థి సిద్ధంగా లేదని దానికెలా తెలుస్తుంది? పొద్దున్నుంచి ఇది మూడో ఇల్లు. మొదటి ఇంట్లో నిద్ర పట్టనివాడు, రెండో ఇంట్లో కోపం ఆగనిది. రెండింటికీ మార్కులేసే యంత్రం, తూనిక, ఆకుపచ్చ వెలిగించింది.

సోల్‌హావ్న్ రేవులో మనస్తత్వశాస్త్రం డిగ్రీ చదవడమంటే ఇదే. మొదట్లో పుస్తకాలు, ఆఖరి ఏడాదంతా ఇళ్ళు. విద్యార్థి ఏం మాట్లాడినా మెడ దగ్గర పట్టీ దాన్ని శుద్ధవాక్యం చేసి, ఎదుటి మనిషి భాషలో మళ్ళీ పలుకుతుంది. తూనిక వినేది ఆ శుద్ధవాక్యాన్నే, తీర్పు చెప్పేదీ దాని మీదే. మనసుల గురించి చదివేవాళ్ళని మనసంటూ లేనిదానితో కొలిపించడం ఆ ఊరి పెద్దల ఘనకార్యం. మాస్టార్లు ఉన్నారు, జీతాలూ అందుతున్నాయి. వాళ్ళని ఎవరైనా ఏదైనా అడిగి చాలా ఏళ్ళయింది.

మూడో ఇంటి మనిషి బొద్దుల రాజేశం. సిరిసిల్ల నుంచి వచ్చి సముద్రంలో నాచుమడులు కోస్తాడు. ఊళ్ళో భార్య పోయింది. ఇక్కడ ఇతన్ని శోకవిరామంలో పెట్టారు. ఏడుపు తీరిందని తూనిక ఒప్పుకుంటే తప్ప పనిలోకి రానివ్వరు. పోనీ ఇంటికి పోదామంటే, విరామంలో ఉన్నవాడికి ఓడ ఎక్కే అర్హత లేదు. ఇంత తెలివి ఒక్కచోట పోగవడం ఎక్కడోగాని జరగదు.

ఈ కేసు నిన్నటిదాకా ఎలిన్‌ది. సోల్‌హావ్న్ పిల్లే. క్యాంటీన్‌లో సూప్ తాగుతూ అప్పగించింది.

"నాకంటే ముందు ఒకబ్బాయి వెళ్ళాడు, తర్వాత నేను. గంటసేపు బాగానే మాట్లాడతాడు దుర్గా. లేచి వచ్చేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగిపోతాడు. నాకు ఎరుపు పడింది. వచ్చే ఏడు మళ్ళీ చేస్తాలే."

"నీకేం తల్లీ, మళ్ళీ చేస్తావు," అంది దుర్గ.

స్థానికులకి ఎరుపంటే ఇంకో ఏడు చదువు. బయటిదేశం వాళ్ళకి ఎరుపంటే ఆ సాయంత్రమే చదువు అనుమతి రద్దు, పెట్టె సర్దుకుని పాలకొల్లు. డిగ్రీ చేతికి రావడానికి దుర్గకి మిగిలింది ఈ ఒక్క కేసే.

తలుపు తీసిన మనిషి కర్రకి చొక్కా తొడిగినట్టున్నాడు.

"అయ్యో, ఏంటి బాబాయ్, ఇలా అయిపోయారు? అసలు అన్నం తింటున్నారా?"

"మీ శారీరక స్థితిలో మార్పును గమనించాను. మీ ఆహారపు అలవాట్లను వివరించగలరా?" అంది పట్టీ.

రాజేశం ఆమె మొహంకేసి చూశాడు, తర్వాత మెడకేసి చూశాడు.

"తెలుగు పిల్లవేనా? మరి నీ మెడకాడ ఇంకెవలు మాట్లాడుతున్నరు?"

"అది మా కాలేజీదండి. మీరు పట్టించుకోకండి."

"ఆ పరికరం విద్యాసంస్థకు చెందినది," అంది పట్టీ.

"మంచిగ చెప్పింది. కూసో బిడ్డా. గా బాబాయ్ వద్దుగని, కాకా అను."

"సరే కాకా."

"అంగీకరిస్తున్నాను, పితృవ్యా."

రాజేశం గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు శబ్దం వచ్చింది. నవ్వని తెలియడానికి దుర్గకి కాసేపు పట్టింది.

తర్వాత అతనే మొదలుపెట్టాడు. భార్య పోశవ్వ బీడీలు చుట్టి కూతుర్ని చదివించిందట. ఏ రోజు ఫోన్ చేసినా తిట్టేదట. నాచు కోసేవాడివి, నాచులాగే జారిపోతావు, ఇంటికెప్పుడొస్తావు అని.

"తిట్టకుంట ఒక్కనాడు ఫోన్ పెట్టలే. గిప్పుడు నన్ను తిట్టేటోళ్ళు లేరు బిడ్డా."

"నేను తిట్టనా కాకా?"

"నీకు రాదు తియ్యి. మీ గోదావరోళ్ళు తిట్టినా అండి అంటరు."

పట్టీ మెడమీద సన్నగా అదిరింది. గంట కావస్తోంది. దుర్గ చెయ్యి దానిమీదకి వెళ్ళడం రాజేశం చూశాడు. మొహంలో అంతదాకా ఉన్న వెలుగు పోయింది.

"పోతవా? పో. గని ఒక్కటి, గా మాట అనకు."

"ఏ మాట?"

"మళ్ళొస్తమని. సావైన ఇంట్ల ఎవలన్న గట్లంటరా? మొదలొచ్చిన పిల్లగాడు అనిపోయిండు. వారం తిరగకముందే నా తమ్ముడు పాయె. వెనుక గా తెల్లపిల్ల వచ్చె, గదే మాట. ఇగ నాకున్నది నా బిడ్డ ఒక్కతి. దానికి నెలలు నిండినయ్. నా గొంతు ఇన్నా దానికేమన్నయితదేమోనని ఫోన్ గూడ చేస్తలేను."

దుర్గకి వివరించి చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు పక్కింటి చావుకి వెళ్ళి, "వెళ్ళొస్తాం పిన్నీ" అన్నందుకు అమ్మ అక్కడే తొడపాశం పెట్టింది. పరామర్శకి వెళ్ళినవాళ్ళు కూర్చోవాలి, చెప్పకుండా లేచిపోవాలి. మళ్ళీ వస్తామంటే మళ్ళీ చావు రావాలని అడిగినట్టే. పాఠ్యపుస్తకంలో దీనికి మాయాతర్కం అని పేరు. రోగిని నెమ్మదిగా అందులోంచి బయటికి తేవాలని పరీక్షలో ఆమే రాసింది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ మాట అనేది విద్యార్థి కాదు. విద్యార్థి లేచి నిలబడగానే పట్టీయే అంటుంది: "మన సంభాషణ ముగిసింది. నేను మళ్ళీ వస్తాను." ఎప్పుడో ఒక విద్యార్థి చెప్పాపెట్టకుండా మానేస్తే ఎవరో కుంగిపోయారట. అప్పటినుంచి లోకంలో ఉన్న ప్రతి దుఃఖానికీ అదే వాక్యం. అది పడితేనే తూనిక దగ్గర సెషన్ మూతపడుతుంది. ఇక మెడమీంచి పట్టీ తీసిన బయటిదేశం విద్యార్థి విద్యార్థే కాదు, చొరబాటుదారు.

"కాకా, మీ తమ్ముడు పోవడం..." అని దుర్గ ఇంకా మాట వెతుక్కుంటుంటే పట్టీ అందుకుంది.

"కేవలం యాదృచ్ఛికం. ఈ నమ్మకాన్ని మనం కలిసి పరిశీలిద్దాం."

రాజేశం గోడవైపు తిరిగిపోయాడు.

దుర్గ ఆ వీపుకేసి చూసింది. చొక్కాలోంచి వెన్నుపూసలు లెక్కపెట్టేట్టున్నాయి. మెడ వెనక్కి చేతులు పోనిచ్చి కొక్కెం విప్పింది. పట్టీ ఏదో అనబోయింది. దాని నోరు నొక్కి సంచిలో పడేసింది. తర్వాత లేచింది. ఒక్క మాట మాట్లాడలేదు, వెనక్కి చూడలేదు, తలుపు కూడా వెయ్యలేదు.

మెట్లు దిగుతుంటే మెడకి సముద్రపుగాలి తగిలింది. ఇన్నాళ్ళూ తన గొంతు మీద అంత బరువు మోస్తోందని అది దిగాకగాని తెలియలేదు. మధ్యాహ్నపుటెండలో ట్రామ్ కోసం నిలబడి, ఫోన్‌లో ఎరుపు ఎప్పుడు పడుతుందా అని చూస్తూ ఉంది. అమ్మకి ఏం చెప్పాలో కూడా ఆలోచించేసుకుంది.

ఎరుపు పడలేదు. ఫోన్ మోగింది. అవతల రాగ్నా మేడమ్. పేరుకి దుర్గకి గైడు. ఆమె గొంతు వినడం ఇదే మొదటిసారి.

"ఏం చేశావమ్మాయ్?"

"పట్టీ తీసేశానండి."

"అది తెలుస్తూనే ఉంది. మాట వినపడదు, అతని గదిలో గోడకన్ను కెమెరాలోంచి బొమ్మ మాత్రం వస్తోంది. తూనికకి ముగింపు దొరకలేదు. ముగియనిదానికి తీర్పు చెప్పడం దానికి రాదట. నన్ను అడుగుతోంది."

"మిమ్మల్నా?"

"నన్నే. గంట ఎక్కడ మోగుతోందో తెలియక గదంతా వెతికాను."

"కాకా ఏం చేస్తున్నాడండీ?"

"ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఇందాక ఏడ్చాడు. ఇప్పుడు నవ్వుతున్నాడు. అవతలివాళ్ళు తిడుతున్నట్టున్నారు, తల వంచుకుని వింటున్నాడు. ఎవరది?"

"కూతురై ఉంటుందండి. భయంతో ఇన్నాళ్ళూ ఫోనే చెయ్యలేదు."

అవతల మీట నొక్కిన చప్పుడైంది.

"ఆకుపచ్చ వేశాను. కారణం ఎంచుకోమంటోంది. అది ఇచ్చినవాటిలో పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఖాళీగా వదిలేశాను."

దుర్గ ట్రామ్ స్టాపు బల్లమీద కూలబడింది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో ఆమెకే తెలియలేదు. పక్కనున్న ముసలాయన కాస్త దూరం జరిగాడు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని," అంది రాగ్నా. వెనక నుంచి తలుపుల చప్పుళ్ళు, ఎవరెవరివో అరుపులు వినపడుతున్నాయి. "ఆ ఖాళీ చూశాక తూనిక ధైర్యం పోయినట్టుంది. ఊళ్ళో నడుస్తున్న ప్రతి సెషన్‌కీ మమ్మల్నే అడుగుతోంది. ఇక్కడ మాస్టార్లందరూ కళ్ళజోళ్ళు వెతుక్కుంటున్నారు. ఖాళీగా ఉంటే వచ్చి మా పక్కన కూర్చో. మనుషుల్ని చూడడం మాకు అలవాటు తప్పింది."